పారేసిన ప్లేట్లలో ఏముంది?

సూక్ష్మజీవుల మీద పాఠకుల ప్రశ్నలకు ఓ రిటైర్డ్ మైక్రోబయాలజీ ప్రొఫెసర్ జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతోంది. అయ్యాక మైక్రోబయోమ్ మీద, అంటే ఒంట్లో కాపురముండే సూక్ష్మజీవుల మీద, పరిశోధన చేస్తానంటోంది. "పేగుల్లో పురుగుల మీద జీవితమంతా ఏం చేస్తావు? ఏదైనా పెద్ద ల్యాబ్‌లో చేరి రిపోర్టుల మీద సంతకాలు పెట్టుకోరాదా" అని వాళ్ల నాన్న గొడవ. అసలు ఇదొక కెరీరేనా? దీని మీదే బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా?
– ఒక తల్లి, తణుకు

సంతకాల సంగతి నాకు బాగా తెలుసమ్మా. 31 ఏళ్లు ఆ పనే చేశాను.

మలం కల్చర్ (నమూనాలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) అంటే మా దగ్గర ఇలా ఉండేది. నమూనాను మెకాంకీ అగర్ అనే క్రిముల తిండి పోసిన ప్లేటు మీద తీగ లూప్‌తో గీసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రాత్రంతా ఉంచుతాం. పొద్దున్నే మూత తీస్తే ప్లేటంతా గులాబీ రంగు చుక్కలు. ఈ.కొలై లాంటివి అవి, పాల చక్కెరను పులియబెట్టే రకం, పేగులో ఎప్పటినుంచో కాపురం ఉంటున్నవి. వాటి మధ్య ఎక్కడైనా నానబెట్టిన సగ్గుబియ్యం గింజలా రంగు లేని చుక్క ఉందా అని కళ్లు చిట్లించుకుని వెతకాలి. ఉంటే రోగం తెచ్చే సాల్మొనెల్లానో షిగెల్లానో కావచ్చు, ఇక దాని వెంట పడతాం. లేకపోతే "వ్యాధికారక క్రిములేవీ పెరగలేదు" అని రాసి సంతకం చేస్తాం. ప్లేటు ఆటోక్లేవ్‌లోకి, అంటే ఆవిరి వేడితో క్రిములన్నిటినీ చంపే యంత్రంలోకి, పోతుంది. ఆ గులాబీ చుక్కలు ఎవరు, అక్కడ ఏం చేస్తున్నారు అని రోగి అడగలేదు, పంపిన డాక్టరు అడగలేదు, నేనూ అడగలేదు. నిజానికి పేగులోని జనాభాలో అవి ఆవగింజంతే. మిగతావాటిలో ఎక్కువ భాగం గాలి తగిలితే చచ్చే రకం. మా ప్లేట్ల మీద అవి మొలవనే మొలవవు.

మేం ఆటోక్లేవ్‌లో వేసినదాని గురించే మీ అమ్మాయి చదువుతానంటోంది. ఈ దారిలో నడిచినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒకరి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆయన కూడా మాలాగే క్రిములను పట్టి చంపే పక్షంలోనే మొదలుపెట్టారు. పేరు మార్టిన్ బ్లేజర్. 1948లో న్యూయార్క్‌లో పుట్టారు. 1973లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి ఎండీ తీసుకున్నారు (అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటిదే). 1977 ప్రాంతంలో డెన్వర్‌లో అంటువ్యాధుల ఫెలోగా ఉండగా ఆయన చూసిన ఒక రోగిలో క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి బయటపడింది. అప్పటికి అది పశువుల డాక్టర్లకే బాగా తెలిసిన పేరు. సరిగ్గా ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో మార్టిన్ స్కిరో అనే ఆయన, విరేచనాలతో వచ్చినవాళ్లలో నూటికి ఏడుగురి దగ్గర ఇది దొరుకుతోందని చూపించారు. అన్నాళ్లూ ఎవరికీ ఎందుకు దొరకలేదంటే దాని స్వభావం అలాంటిది. 42 డిగ్రీల వేడి ఉంటే బాగా పెరుగుతుంది. ఆక్సిజన్ ఉండాలి, కానీ తక్కువ ఉండాలి. మా కాలేజీలో ఆక్సిజన్ తగ్గించే గ్యాస్ ప్యాకులు దొరక్క, గాజు జాడీలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగించేవాళ్లం. కొవ్వొత్తి ఆరేసరికి లోపల ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. అలా నాలుగు నెలలు తంటాలు పడితే నాకు రెండుసార్లు పెరిగింది. రెండోసారి పెరిగిన రోజు మా అటెండర్‌కీ నాకూ పండగే. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లారింది, అది వేరే సంగతి.

బ్లేజర్ ఆ క్రిమిని వదల్లేదు. 1979 నుంచి 1981 వరకు అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీలో సాల్మొనెల్లా లెక్కలు చూశారు. తర్వాత మళ్లీ డెన్వర్, 1989లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ. ఈలోగా ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపులో ఓ వంకర క్రిమిని పట్టుకున్నారు. 1982లో ఈస్టర్ సెలవులకు ల్యాబ్‌లో ప్లేట్లు ఎక్కువ రోజులు మర్చిపోబట్టి అది పెరిగింది. దానికి మొదట పెట్టిన పేరు కూడా క్యాంపైలోబ్యాక్టరే. చుట్టమే కదా అని బ్లేజర్ అటు తిరిగారు. అదే తర్వాత హెలికోబ్యాక్టర్ పైలోరీ అయింది. కడుపులో పుండ్లకు అదే కారణమని తేల్చినందుకు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఆ క్రిమిలో కొన్ని రకాలే ఎందుకు ఎక్కువ హాని చేస్తాయన్నది బ్లేజర్ బృందం తవ్విన విషయం. క్యాగ్-ఏ అనే ప్రొటీన్ జన్యువును 1993లో వాళ్లు బయటపెట్టారు. ఇటలీలో ఇంకో బృందం కూడా అదే ఏడాది పట్టుకుంది. ఆ ప్రొటీన్ ఉన్న రకం కడుపులో ఉంటే క్యాన్సర్ ముప్పు ఇంకాస్త ఎక్కువని జపాన్ మూలాలున్న హవాయి మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో చూపించారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

అక్కడితో ఆగితే అది మామూలు విజయగాథ. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఆ తర్వాతి కథ వల్ల. ఏ క్రిమి మీద పేరు తెచ్చుకున్నారో దాన్ని పట్టుకునే "మనుషుల కడుపులో ఇది వేల ఏళ్లుగా ఉంది కదా, మరి అమెరికాలో పిల్లల్లో ఇది మాయమవుతుంటే దాని బదులు ఏం వస్తోంది?" అని అడగడం మొదలుపెట్టారు. అది లేనివాళ్లలో గుండెమంట, చిన్నప్పటి ఉబ్బసం ఎక్కువ కనిపిస్తున్నాయని లెక్కలు చూపించారు. చచ్చిన పైలోరీయే మంచి పైలోరీ అని డాక్టర్లు పత్రికల్లో రాసుకుంటున్న రోజులవి. చాలామంది గ్యాస్ట్రోఎంటరాలజిస్టులు ఆయనతో ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించనివాళ్లు ఉన్నారు. నా మాట చెప్పాలంటే, ఉబ్బసం లెక్కలు నన్ను పూర్తిగా ఒప్పించలేదు. పుండు ఉన్నవాళ్లు మందులు మానేయమని ఆయనా అనలేదు, నేనూ అనను. కానీ యాభై ఏళ్ల ప్రాంతంలో సొంత పని మీద సొంతంగా అనుమానం పెట్టుకున్న మనిషి ఆయన. మా డిపార్ట్‌మెంట్లలో అలాంటివాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను, ఒక చెయ్యి చాలు.

2000లో న్యూయార్క్ యూనివర్సిటీ మెడిసిన్ విభాగాధిపతి అయ్యారు. 2019 నుంచి న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీలో ఉన్నారు. ఆయన భార్య మరియా గ్లోరియా డొమింగెజ్-బెయో కూడా ఇదే రంగంలో పేరున్న శాస్త్రవేత్త. అమెజాన్ అడవుల్లో, బయటి ప్రపంచం ఎరగని యానోమామి తెగ పల్లెలో పేగుల సూక్ష్మజీవుల వైవిధ్యం అంతకుముందు చూసిన అందరికంటే ఎక్కువని 2015లో చూపించిన బృందంలో ఆవిడ ఉన్నారు. మనవాళ్లు విత్తనాలను పాతరేసి దాచినట్టు, రకరకాల ప్రజల సూక్ష్మజీవులను గడ్డకట్టించి దాచే "మైక్రోబయోటా వాల్ట్" ఆలోచన కూడా వీళ్లదే.

ఇక మీ అమ్మాయి సంగతి. ఎండీ ఒక్కటే చాలదు. పీహెచ్‌డీ గానీ, పరిశోధన ఫెలోషిప్ గానీ కావాలి. డాక్టర్లు పరిశోధనలోకి రావడానికి హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు ఇస్తుంది. ప్రభుత్వ పరిశోధన సంస్థలూ ఉన్నాయి: ఐసీఎంఆర్ వాళ్లవి, ఫరీదాబాద్‌లో టీహెచ్‌ఎస్‌టీఐ, పుణెలో ఎన్‌సీసీఎస్. ఇప్పటినుంచే కంప్యూటర్ మీద కూర్చోమనండి, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. ఈ రంగంలో సగం పని డీఎన్‌ఏ వరుసలను లెక్కలుగా మార్చి చూడటమే. మొదటి పదేళ్లు జీతం ల్యాబ్‌లో సంతకాలు పెట్టే స్నేహితురాలి కంటే తక్కువే ఉంటుంది. ఆ మాట వాళ్ల నాన్నగారికి దాచకుండా చెప్పండి.

ఇంకొకటి. ఫ్రీజర్ తాళం తన దగ్గరే ఉంచుకోమనండి. నేను రెండేళ్లు దాచిన క్రిముల నమూనాలు ఒక డీప్ ఫ్రీజర్‌లో ఉండేవి. ఇన్‌స్పెక్షన్ వస్తోందని శనివారం సున్నాలు వేయడానికి వచ్చినవాళ్లు గోడ దగ్గర అడ్డంగా ఉందని ప్లగ్ పీకి పక్కకు జరిపారు. సోమవారం తలుపు తీసేసరికి నీళ్లు. ఇన్‌స్పెక్షన్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

ప్రశ్న: మాది లేయర్ కోళ్ల ఫారం. మేతలో కొద్దిగా యాంటీబయాటిక్ కలిపితే కోడి బాగా పెరుగుతుందని మా నాన్న కాలం నుంచీ వింటున్నాం. ఇది ఎవరు కనిపెట్టారు? చంపే మందు పెంచడమేమిటి?
– ఒక రైతు, పెరవలి

మీ ప్రశ్నకు జవాబులో మన భీమవరం వస్తుంది. చెప్పకుండా ఉండలేను.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన దగ్గర బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త పనిచేసేవారు. యూనివర్సిటీ నుంచి రిటైరయ్యాక, డెబ్బై దాటిన వయసులో చేరిన ఉద్యోగం అది (నాకు ఈ వివరం చాలా ఇష్టం). దేశమంతటి నుంచీ మట్టి తెప్పించి వెతుకుతుంటే, మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. అదే కంపెనీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు చవగ్గా బీ12 విటమిన్ ఎలా పెట్టాలా అని చూస్తున్నారు. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిలో బీ12 ఉంటుంది కదా అని 1948 చివర్లో దాన్ని మేతలో కలిపారు. పిల్లలు పెరిగాయి. కానీ బీ12 లెక్కకు మించి పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన కాస్త మందే ఆ పని చేసిందని తేలింది. 1950లో ఆ సంగతి ప్రకటించాక ప్రపంచమంతా మేత బస్తాల్లోకి మందు వెళ్లింది. మీ నాన్నగారి దాకా వచ్చింది ఆ పిప్పి కథే.

ఎందుకు పెరుగుతుందన్నది చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెరుగుతోంది కదా, చాలనుకున్నారు. పైన చెప్పిన బ్లేజర్ ల్యాబే ఎలుకలతో దాన్ని తిరగేసి చూసింది. పెన్సిలిన్, వాంకోమైసిన్, మన ఆరియోమైసిన్ (అసలు పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్) తాగే నీళ్లలో కొద్దికొద్దిగా ఇచ్చారు. 2012లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఎలుకల బరువులో పెద్ద తేడా లేదు గానీ కొవ్వు పెరిగింది, పేగుల్లో సూక్ష్మజీవుల జనాభా మారింది. 2014లో ఇంకో మెట్టు ఎక్కారు. పుట్టినప్పటి నుంచి నాలుగు వారాలు మాత్రమే పెన్సిలిన్ ఇచ్చి ఆపేశారు. పేగుల్లో జనాభా మళ్లీ మామూలైపోయింది, కొవ్వు మాత్రం పోలేదు. మందు తిన్న ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవులను, అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికీ కొవ్వు పట్టింది. మందు ఇవ్వకుండానే. అంటే మందు నేరుగా పెంచడం లేదు, అది మార్చిన పేగు పెంచుతోంది.

ఇది ఎలుక సంగతి. మనిషి పిల్లల్లో ఇంత తెగేసి చెప్పలేం. ఇంగ్లండ్‌లో 11 వేల మందికి పైగా పిల్లల వివరాలు చూస్తే, మొదటి ఆరు నెలల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లు తర్వాత కాస్త బరువెక్కువ ఉన్నారు, తేడా చిన్నదే.

మీ ఫారానికి వస్తే, ఐరోపాలో పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడం 2006 నుంచి నిషేధం. మన దేశంలో 2019లో కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు ఇవ్వడం నిషేధించారు. ఏ మందూ పనిచేయని స్థితిలో ఐసీయూలో మేం చివరగా తీసే మందు అది. మీ సప్లయర్ తెచ్చే బస్తా మీద చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. షెడ్డు శుభ్రంగా ఉంటే ఈ మందుల వల్ల వచ్చే అదనపు పెరుగుదల బాగా తక్కువేనని కోళ్ల మీద పనిచేసేవాళ్లే చెబుతారు. గుడ్లు పెట్టే కోడికి కొవ్వు పట్టించి మీకు ఒరిగేదేమిటో కూడా ఒకసారి లెక్కేసుకోండి.

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలూ సిజేరియనే. అలా పుట్టినవాళ్లకు మంచి బ్యాక్టీరియా రాదని వాట్సాప్‌లో చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏమైనా మందు వాడాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

ఏమీ వాడకండి తల్లీ. మీరు ఒక్కరే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42. ఇంత అవసరమా అన్నది డాక్టర్లను అడగాల్సిన ప్రశ్న, మీరు బాధపడాల్సిన విషయం కాదు.

తేడా ఉన్న మాట నిజమే. బ్రిటన్‌లో దాదాపు 600 మంది పసిపిల్లల మలం పరీక్షించి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, సిజేరియన్ పిల్లల పేగుల్లో మొదటి వారాల్లో ఆస్పత్రి వాతావరణంలోని క్రిములు ఎక్కువ కనిపించాయి. తల్లి పేగు నుంచి రావాల్సిన బ్యాక్టీరాయిడ్స్ లాంటివి తక్కువున్నాయి. ఏడాది తిరిగేలోపు ఆ తేడా చాలావరకు సర్దుకుంది. మీ పిల్లలు స్కూలుకు వెళ్తున్నారంటే ఆ ఘట్టం ఎప్పుడో దాటిపోయారు. జలుబు చేసిన ప్రతిసారీ మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ సిరప్ కొనకండి, మీ చేతిలో ఉన్నది అదొక్కటే. సిరప్ వద్దంటే షాపతను అదోలా చూస్తాడు, చూడనివ్వండి.

ప్రశ్న: ఇంటికే కిట్ పంపి, మలం పరీక్షించి, మన పేగులో ఏ బ్యాక్టీరియా ఎంత శాతం ఉందో చెబుతారట. వేల రూపాయలు. చేయించుకోమంటారా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

వద్దు. మీ ఒంట్లో బ్యాక్టీరియా 38 లక్షల కోట్ల దాకా ఉంటాయని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్లు 2016లో లెక్క కట్టారు. మొత్తం కలిపితే బరువు 200 గ్రాములు. మన కణాలకు అవి పది రెట్లని అంతకుముందు మేమంతా క్లాసుల్లో చెప్పేవాళ్లం, అది తప్పని, దాదాపు సమానమేనని తేలింది కూడా అప్పుడే. పాఠం చెప్పేవాళ్లకే లెక్క మారిపోయే రంగంలో, "మీకు ఫలానా బ్యాక్టీరియా రెండు శాతం తక్కువ" అని రిపోర్టు ఇస్తే దాంతో మీరు ఏం చేస్తారు, మీ డాక్టరు ఏం చేస్తారు? పోయినవారం తిన్న తిండితో కూడా ఆ అంకె మారుతుంది. ఆ డబ్బుతో కుటుంబంతో అరకు వెళ్లి రండి.

ప్రశ్న: డాక్టర్లు యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయోటిక్ గోళీ రాస్తున్నారు. మా అత్తగారేమో గోళీ ఎందుకు, పెరుగు చాలు, చద్దన్నం ఇంకా మంచిది అంటారు. ఎవరి మాట వినాలి?
– ఒక కోడలు, విజయనగరం

ఇద్దరికీ సగం సగం మార్కులు వేస్తాను.

ప్రోబయోటిక్ అన్నది ఒక మందు పేరు కాదు. అందులో ఏ జాతి, ఆ జాతిలో ఏ రకం అన్నదాని మీదే అంతా ఉంటుంది. మీకు పక్కనే ఉన్న ఒడిశాలో జరిగిన పని చెబుతాను. పినాకి పాణిగ్రాహి అనే పిల్లల డాక్టరు, తగిన బ్యాక్టీరియా రకం కోసం ఏళ్ల తరబడి వెతికారు. చాలా రకాలను చూసి, పసిబిడ్డ పేగులో నిలబడే ఒక లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకాన్ని ఎంచుకున్నారు. దానికి తిండిగా ఒక రకం చక్కెర కలిపి, పల్లెల్లో పుట్టిన 4,556 మంది పిల్లల్లో సగంమందికి ఏడు రోజులు ఇచ్చారు, మిగతా సగానికి బ్యాక్టీరియా లేని పొడి. రెండు నెలల్లో రక్తంలో ఇన్‌ఫెక్షన్ గానీ మరణం గానీ మామూలు పొడి ఇచ్చినవాళ్లలో నూటికి 9, మందు ఇచ్చినవాళ్లలో 5.4. ఇది 2017లో వచ్చింది. నా సర్వీసులో పిల్లల వార్డు నుంచి వచ్చిన బ్లడ్ కల్చర్ సీసాలు ఎన్ని చూశానో లెక్కలేదు, అందుకే ఆ రెండు అంకెలూ చదివిన రోజు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ రకం వేరు, మీ చేతిలో ఉన్న గోళీలోని రకం వేరు. విరేచనాల కోసం డాక్టరు రాస్తే ఆ కొద్దిరోజులు వేసుకోండి, తర్వాత నెలల తరబడి కొంటూ ఉండక్కర్లేదు.

అత్తగారి పెరుగులో, చద్దన్నంలో పులియబెట్టే బ్యాక్టీరియా ఉన్న మాట నిజం. అవి మందు కాదు, తిండి. తిండిగా చాలా మంచివి. తిండితో పేగును బాగుచేసే పని కూడా గట్టిగానే సాగుతోంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్, ఢాకాలో తహమీద్ అహ్మద్ కలిసి, బక్కచిక్కిన పిల్లల పేగులో తగ్గిపోయిన సూక్ష్మజీవులను పెంచే తిండి ఏదని వెతికారు. చివరికి తేలిన మిశ్రమంలో ముఖ్యంగా ఉన్నవి శనగపిండి, సోయాపిండి, వేరుశనగ పిండి, పచ్చి అరటికాయ గుజ్జు. 2021లో వచ్చిన ఫలితాల్లో, దానికంటే కేలరీలు ఎక్కువున్న మామూలు పోషకాహార ప్యాకెట్ తిన్న పిల్లల కంటే ఈ మిశ్రమం తిన్నవాళ్లే బాగా బరువు పుంజుకున్నారు.

ఈ నాలుగూ మీ వంటింట్లోనో, వీధి చివరి కొట్లోనో దొరికేవే. అత్తగారికి ఈ భాగం చదివి వినిపించండి. అయితే చద్దన్నం రాత్రి నీళ్లు పోసి మూతపెట్టినది పొద్దున్నే తినేయాలి. మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి, పులిసింది కదా ఇంకా మంచిదని తింటే మాత్రం, ఆ తర్వాత మీ నమూనా నాలాంటి వాళ్ల ప్లేటు మీదికి వస్తుంది.